మూడు లాగుల మోకు

"పాటగాళ్ళొస్తున్నారహో! పాటగాళ్ళు!"

కావలి మంచె మీది నుంచి తప్పెటయ్య పెట్టిన ఆ ఒక్క కేకకు తొలకరిపేట తలకిందులైంది.

కాదా మరి! ఏడేళ్ళ కిందట కాంస్యపురి మహారాజు ఆజ్ఞ మీద మూడు వందల కుటుంబాలు ఘూర్ణగిరి ఎక్కి, నీలాల గనులు తవ్వుకుంటూ ఈ కొత్త పేట కట్టుకున్నాయి. వస్తూ వస్తూ పలుగులు తెచ్చుకున్నారు, పారలు తెచ్చుకున్నారు, మేకల్నీ గేదెల్నీ తోలుకొచ్చుకున్నారు. పాడేవాణ్ణి ఒక్కణ్ణి వెంటబెట్టుకు రావడం మాత్రం మరిచారు. అందుచేత తొలకరిపేటలో పాడి ఉంది గాని పాట లేదు. పగలంతా కొండ కడుపులోంచి వచ్చే గుర్రుగుర్రు శబ్దమే వాళ్ళకు శ్రుతి, సమ్మెట దెబ్బలే లయ.

ఇక చూడండి సందడి! ఆడవాళ్ళు చింతపండూ బూడిదా కలిపి పేటలోని కంచు పళ్ళేలన్నీ తోమేశారు. ఒక్కో పళ్ళెం మీద ఒక్కో సూర్యుడు పుట్టాడు. గాడిపొయ్యి మీద బెల్లం పాయసం కుతకుతలాడింది. మగవాళ్ళు గడ్డాలు గొరిగించుకున్నారు; గడ్డం లేనివాళ్ళు ఆ తొందరలో మీసాలు పోగొట్టుకున్నారు.

పేట గవిని గుమ్మంలోంచి ఇద్దరు లోపలికి వచ్చారు. ముందున్నవాడు గుమ్మానికి సరిపోయేంత మనిషి, గుమ్మం దాటి బయటికి వచ్చేంత మీసం. వెనకున్నవాడు సన్నగా, చురుగ్గా, భుజాన ఈటెతో, నీలి తలపాగా కొస ముఖానికి అడ్డంగా చుట్టుకుని ఉన్నాడు.

పేట పెద్ద బొల్లప్ప ఎదురువెళ్ళి పళ్ళెం చేతికిచ్చాడు. "రండి బాబూ రండి! ఒక్క పాట అందుకోండి, ఆనక పాయసం అందుకుందురు."

మీసాలాయన తెల్లబోయాడు. "పాటా? ఎవరు పాడాలి? మేం వేటగాళ్ళం నాయనా! ఈ కొండ కింద బిలంలో భూతమేదో ఉందని విని, నవనౌకా దీవుల నుంచి నలభై రోజులు నడిచొచ్చాం. నన్ను ఉద్దండయ్య అంటారు. వీడు మా తమ్ముడు."

మూడు వందల కుటుంబాలూ ఒక్కసారి మంచె వైపు తిరిగాయి.

"నేనేం చెయ్యను?" అన్నాడు తప్పెటయ్య బిక్కమొహంతో. "వాళ్ళు 'వేట' అనగానే కొండ గుర్రుమంది. ముందు ముక్క కొండ మింగేసింది."

"కొండ మింగలేదు, నీ చెవి మింగింది!" అంది గాడిపొయ్యి దగ్గర నుంచి ఒకావిడ. "మా ఆయన మీసం ఎవరిస్తారు ఇప్పుడు?"

పేటంతా నవ్వింది. ఒక్కరు తప్ప.

మోకుల కొట్టం గడప మీద కూర్చుని నార పేనుతున్న నాగసిరి చేతులు ఆగిపోయాయి. ఆమె బొల్లప్ప కూతురు. పేటలో బిలానికి దిగే మోకులన్నీ ఆమె పేనవలసిందే. 'వేటగాళ్ళు' అన్న మాట వినగానే ఆమె చూపు గవిని వైపు వెళ్ళింది. వచ్చింది ఇద్దరే. వాళ్ళ వెనక దారి ఖాళీ. అయినా కాసేపు ఆ ఖాళీనే చూసింది.

ఏడాది కిందట ఇదే గవినిలోంచి, ఇలాంటి ఈటే భుజాన వేసుకుని ఒంటరిగా వచ్చినవాడు సంద్రయ్య. వచ్చిన వేటగాడు అరుగు మీద అతిథిగా ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. పేట మనిషి కావాలంటే మాత్రం తాటాకు మీద అర్జీ రాసివ్వాలి. ఆ ఆకు మీద పేట పెద్ద జేగురుమట్టిలో చెయ్యి ముంచి ముద్ర వెయ్యాలి. ముద్ర పడితే ఒక పొయ్యి, ఒక పడక, ఒక పని. సంద్రయ్య వచ్చిన నాడే అర్జీ రాశాడు. "ముందు బిలంలోని భూతం సంగతి చూడు, ముద్ర సంగతి తరవాత" అని బొల్లప్ప ఆ ఆకును చావడి దూలానికి వేలాడదీశాడు.

ముద్ర పడేదాకా ఖాళీగా ఉండలేక సంద్రయ్య మోకుల కొట్టం అరుగు మీద చేరాడు. నాగసిరి దగ్గర ముళ్ళు నేర్చుకున్నాడు. ఆమె ప్రతి మోకు కొసకూ వేసే మొగ్గముడి ఒక్కటి మాత్రం పట్టుబడలేదు. పట్టుబడనట్టు నటించాడేమో కూడా. పేనుతున్నంతసేపూ ఏదో బాణీ కూనిరాగం తీసేవాడు. పాట ఎరగని పేటలో ఆ బాణీ ఆమె చెవిలో గూడు కట్టింది.

"మాటలేవీ?" అని అడిగింది ఒకనాడు.

"ఉన్నాయి. ఈ పేటలో నాకో పొయ్యి ఇచ్చిన రోజున చెప్తాను" అన్నాడు.

మాటలు చెప్పకుండానే దిగాడు. నడిమధ్యాహ్నం, సూర్యుడు నిలువుగా బిలంలోకి చూసే వేళ. అరవై నిలువుల లోతు. కొండ గుర్రులో గొంతు వినబడదు గనుక మోకు లాగడమే మాట. గని పనివాళ్ళకు ఆ భాష ఉగ్గుపాలతో వస్తుంది: ఒక్క లాగు లాగితే నేల తగిలినట్టు. రెండు లాగితే పైకి తీయమని. మూడు లాగితే, గండం పైకెక్కుతోంది, మోకు తెంచి పేటను కాచుకోమని.

ఆనాడు మోకు మీద చెయ్యి వేసి కూర్చున్నది నాగసిరే. ఒకటి... రెండు... ఆమె ముఖం విప్పారింది. మూడు. బొల్లప్ప గొడ్డలి లేచింది, పడింది.

ఆ తరవాత ఋతువుకొక మోకు పేని, కొసకు రొట్టెల మూట కట్టి, తండ్రి కాళ్ళు పట్టుకుని బిలంలోకి వదిలింది. ఆ తొలి మోకుతో కలిపి ఆరు ఋతువులు, ఆరు మోకులు. ఆరుసార్లూ మూడు లాగులే వచ్చాయి. ఆరుసార్లూ గొడ్డలి పడింది. మోకు తెగింది గాని ఆమె తెగువ తెగలేదు. భూతం సంద్రయ్యను మింగి, మనిషి రుచి మరిగి, మోకు పట్టుకుని పిలుస్తోందని పేటలో అందరూ అనుకున్నారు. ఆమెతో మాత్రం ఎవరూ అనలేదు.

ఇదిగో, ఈ రోజు పొద్దువాలగానే బిలం నోటికి బండ దొర్లించి శాశ్వతంగా మూసేయాలని తీర్మానం. ఏనుగంత బండ అంచున సిద్ధంగా ఉంది. నాగసిరి పేనుతున్నది ఏడో మోకు. ఎందుకు పేనుతోందని ఎవరూ అడగలేదు.

"ఒక్కసారి దిగనివ్వండి పెద్దయ్యా" అన్నాడు నీలి తలపాగా యువకుడు. అతని పేరు మేఘకేతు. "బండ దొర్లించడానికి ఇంకా సగం పగలుంది కదా!"

బొల్లప్ప కూతురి వైపు చూశాడు. ఆమె ఏమీ అడగలేదు. పేనిన మోకు చేతికిచ్చింది, అంతే. అడిగి ఉంటే కాదనేవాడేమో.

"సరే. వెలుగు నిలువుగా పడే ఘడియలోనే దిగి ఎక్కాలి. ఆపైన నీ పాపం నీది."

మోకు లాగుల భాష మాత్రం ఎవరూ చెప్పలేదు. ఊపిరి ఎలా పీల్చాలో ఎవరైనా ఎవరికైనా చెప్తారా? అటు ఉద్దండయ్యా అడగలేదు. నోట్లో ముద్ద ఎలా పెట్టుకోవాలో ఎవరైనా ఎవరినైనా అడుగుతారా?

మేఘకేతు మోకు నడుముకు బిగించి బిలంలోకి జారాడు.

పైన కనబడేది గుట్ట. గుట్టు అంతా లోపల ఉంది! పది నిలువులు దిగేసరికి రాతి గోడల్లో నీలాలు నెమలికన్నుల్లా విచ్చుకున్నాయి. ఇరవై నిలువుల దగ్గర తెల్లని నాచు కుచ్చులు కుచ్చులుగా వేలాడుతోంది. నలభై దగ్గర గోడలు మాయమై, ఆకాశాన్ని బోర్లించి భూమిలో దాచినంత గుహ తెరుచుకుంది. ఆ గుహ నిండా నల్లని సరస్సు. సరస్సు మీద, బిలం నోటి నుంచి పడిన ఎండ ఒక్కటే బంగారు స్తంభంలా నిలబడి ఉంది. ఆ స్తంభం మొదట ఒక నల్ల గుట్ట.

మేఘకేతు కాళ్ళు నేలకు తగిలాయి. మోకు ఒక్కసారి లాగాడు. గుట్ట ఊపిరి పీల్చింది.

అది గుట్ట కాదు, గండభేకం! ఏనుగు మీద ఏనుగు ఎక్కించినంత కప్ప. ఇన్నాళ్ళూ కొండ గుర్రు అనుకున్నది దాని గురకే. కళ్ళ మీద ఎండ పడినంతసేపూ అది రెప్ప ఎత్తలేదు. చీకట్లో పుట్టిన జంతువు, వెలుగంటే దానికి కళ్ళుండీ లేనట్టే. అయితే నాలుక్కు వెలుగుతో పనేముంది? గులకరాయి కదిలిన చప్పుడుకే ఇరవై బారల నాలుక ఫెళ్ళున వచ్చి మేఘకేతు తలపాగా ఊడబెరుక్కుపోయింది. అతను పల్టీకొట్టాడు. రెండోసారి వచ్చిన నాలుక ఈటెను మింగింది. మూడోసారి నాలుక లేచేలోగా నీళ్ళలోంచి ఒక చెయ్యి వచ్చి అతని కాలు పట్టి బండ చాటుకు ఈడ్చింది.

"కదలకు! కప్పకు కప్పం కట్టి బతుకుతున్న చోటిది. చప్పుడు చేశావా, ఈసారి కప్పం నువ్వే."

ఆ గొంతు విని మేఘకేతు కళ్ళు చెమర్చాయి. గడ్డం రొమ్ము దాకా పెరిగింది, ఒళ్ళు ఎముకల గూడైంది, గొంతు మాత్రం మారలేదు.

"అన్నా! నీ జాడ వెతుక్కుంటూనే వచ్చాం."

"మేఘూ? నువ్వెక్కడ దొరికావురా నా ప్రాణానికి!"

తొలకరిపేటకు సంద్రయ్యగా తెలిసినవాడు నవనౌకా దీవుల యువరాజు సముద్రసేనుడు. పుట్టుకతో వచ్చిన సింహాసనం కాకుండా, తన చేతులతో సంపాదించుకున్న చిన్న చోటు ఒక్కటి కావాలని మారుపేరుతో ఇల్లు విడిచాడు. సరస్సు మధ్య లంకలో, గుడ్డి చేపలు పట్టుకు తింటూ, తెగిపడిన ఆరు మోకులు గోడలుగా చుట్టి గుడిసె కట్టుకుని ఉన్నాడు. ఎండ స్తంభం దిగినప్పుడల్లా కప్ప కళ్ళుమూసుకునే ఆ కాసేపట్లో ఈదుకొచ్చి మోకు కోసం చూస్తాడు.

"ఆరుసార్లు మోకు దిగింది. ఆరుసార్లూ మూడు లాగులు లాగాను. ఆరుసార్లూ తెంచారు. కొస చూడు, పురి వదిలి తెగింది కాదు. గొడ్డలి వేటు. నా అర్జీకి పేట ఇచ్చే జవాబు ఇదే కాబోలు అనుకున్నాను."

"మరి ఏడోసారి ఎందుకొచ్చావు?"

సముద్రసేనుడు తమ్ముడి నడుముకున్న మోకు కొస చేతిలోకి తీసుకున్నాడు. అక్కడ మొగ్గముడి ఉంది. బొటనవేలితో దాన్ని నెమ్మదిగా తడిమాడు.

"ఇది ఆమె వేసింది. ప్రతి మోకుకూ వేసింది. వద్దనుకున్నవాళ్ళు రొట్టెకు వెన్న రాసి పంపుతారా, మేఘూ?"

ఎండ స్తంభం సన్నబడుతోంది. గండభేకం రెప్ప వణికింది.

"నువ్వు ముందు. మోకు ఇద్దరిని మొయ్యదు."

"నన్నూ తెంచితే?"

"పైన ఎవరున్నారు?"

"మన పడవల ఉద్దండయ్య."

"అయితే తెంచరు. వాడు పట్టు పట్టాడంటే మోకైనా మొండితనమైనా ఒకటే." అని తన మణికట్టున ఉన్న నార కడియం తీసి తమ్ముడి చేతికి తొడిగి, మోకు పట్టుకుని తానే లాగాడు. ఒకటి. రెండు. మూడు.

పైన బొల్లప్ప గొడ్డలి ఎత్తాడు. "మూడు లాగులు! తప్పుకోండి!"

"అద్దీ! వస్తున్నాడు మావాడు!" అని ఉద్దండయ్య మోకు అందుకున్నాడు.

"వదులవయ్యా! తెంచాలి!"

"తెంచడమేంటయ్యా, నీ తెలివి తెల్లారా! లాగాలి!"

"మూడంటే గండం!"

"మూడంటే మనిషి! నీ గొడ్డలి నీ మొహాన పెట్టుకో!"

నలుగురు పేటవాళ్ళు ఉద్దండయ్య నడుం పట్టి వెనక్కి గుంజారు. గుంజినకొద్దీ మోకు పైకొచ్చింది. పాపం, వాళ్ళకు తెలియకుండానే లాగుతున్నారు! ఆ గుంజులాటలో ఉద్దండయ్య తొడుక్కున్న లాగు పిగిలింది. ఆయన లక్ష్యపెట్టలేదు. చిన్నప్పుడు పడవ మీద ఎత్తుకున్న గొంతే ఎత్తుకున్నాడు:

"ఒక్క లాగు లాగితే ఇసుక తాకెరా,
రెండు లాగులు లాగితే సొర తరిమెరా,
మూడు లాగులు లాగితే ముంగిలి పిలిచెరా,
లాగు లాగు లాగరా, ఇంటికి లాగరా!"

నాగసిరి నిలుచున్న చోటే కొయ్యబారిపోయింది.

అదే బాణీ. ఏడాదిగా నార పేనే చేతులతో పాటు ఆమె లోపల పేనుకున్న బాణీ. మాటలు ఇప్పుడు వచ్చాయి.

ఇంటికి లాగరా.

బొల్లప్ప గొడ్డలి మళ్ళీ లేచింది. మోకు ఆనుకున్న దుంగ మీద, గొడ్డలి పడవలసిన చోట, నాగసిరి తన చెయ్యి పరిచింది.

"వెయ్యి నాన్నా. మోకుతో పాటు ఇది కూడా."

"అమ్మీ! ఏంటిది! తియ్యి!"

"వినబడలేదా నాన్నా? వాళ్ళ పాట వినబడలేదా? వాళ్ళు సముద్రం మనుషులు. రెండు లాగితే మనకు తియ్యమని. వాళ్ళకు సొరచేప వచ్చింది, పడవ తీసుకుని పారిపొమ్మని. మూడు లాగితే మనకు గండం. వాళ్ళకు, నన్ను ఇంటికి తియ్యమని. ఆరుసార్లు అడిగాడు నాన్నా. ఆరుసార్లు."

గొడ్డలి బొల్లప్ప చేతిలోంచి జారి నేల మీద పడింది. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తరవాత ఆ రెండు చేతులతోనే మోకు పట్టుకున్నాడు.

"లాగండెహె!" అని అరిచాడు. పేటంతా మోకు మీద పడింది.

బిలం అంచు మీదికి మేఘకేతు వచ్చాడు, తలపాగా లేకుండా, చెవుల్లో రాచ కుండలాలతో. ఇక మారువేషం దేనికి? నాలుగు మాటల్లో అంతా చెప్పేశాడు.

"యువరాజా!" బొల్లప్ప గుండె పట్టుకున్నాడు. "యువరాజు అర్జీనా నేను ఏడాదిగా దూలానికి వేలాడేసింది!"

"అర్జీ ఎవరిదైతేనేం నాన్నా" అంది నాగసిరి. ఆమె మేఘకేతు చేతికున్న నార కడియం చూస్తోంది. ఆరు మోకుల నుంచి ఆరు పోగులు తీసి అల్లినది. కలిసిన చోట మొగ్గముడి. తప్పు లేకుండా వేసిన ముడి. వచ్చు! వచ్చి కూడా రాదన్నాడు. ఆమె నవ్విందో ఏడ్చిందో, రెండూ ఒకేసారి చేసిందో.

"మోకు మళ్ళీ దించితే చాలదు" అన్నాడు మేఘకేతు ఆయాసపడుతూ. "వెలుగు పోయింది, కప్ప లేచింది. అన్నకూ మోకుకూ మధ్య కూర్చుంది. రేపు మధ్యాహ్నం దాకా ఎండ పడదు. నేను పైకి లేస్తుండగానే అన్న కాలు గీరేసింది అది, అడుగు వెయ్యలేడు. రేపటిదాకా..."

నాగసిరి చుట్టూ చూసింది. పాయసం గాడిపొయ్యి దగ్గర దొంతులు దొంతులుగా కంచు పళ్ళేలు. పాటగాళ్ళ కోసం తోమినవి.

"పళ్ళేలు ఎత్తండి!" అంది. "పొద్దు పడమటికి తిరిగితే ఎండను మనమే తిప్పి బిలంలో పోద్దాం!"

మరు క్షణం ఘూర్ణగిరి మీద మూడు వందల సూర్యుళ్ళు లేచాయి. ముసలివాళ్ళు, బాలెంతలు, మీసం పోగొట్టుకున్నాయనా, అందరూ పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. ఎండ పళ్ళెం మీదికి, పళ్ళెం నుంచి పళ్ళెం మీదికి గంతులేసి బిలం గొంతులోకి దూకింది. లోపల నుంచి ఒక్కసారి పెద్ద గుర్రు. ఆపైన, ఏడేళ్ళలో మొదటిసారి, కొండ నిశ్శబ్దమైంది.

"నేను దిగుతాను" అన్నాడు మేఘకేతు.

"నువ్వు మొగ్గముడి వెయ్యలేవు మరిదీ" అంది నాగసిరి, మోకు తన నడుముకు కట్టుకుంటూ. 'మరిది' అన్న మాటకు తానే ఒక్క క్షణం ఆగింది. "కాలు నడవనివాణ్ణి కట్టి పంపాలంటే నా ముడే వెయ్యాలి."

బొల్లప్ప చావడిలోకి పరుగెత్తాడు. దూలం మీది తాటాకు తెంచుకొచ్చాడు. జేగురుమట్టి గిన్నెలో చెయ్యి ముంచి ఆకు మీద గట్టిగా వేశాడు. అయిదు వేళ్ళూ పడ్డాయి. ఆకు కూతురి నడుముకు దోపాడు.

"మూడు లాగులు లాగుతాను నాన్నా" అంది ఆమె. బిలంలోకి జారిపోయింది.

మంచె దిగి వచ్చిన తప్పెటయ్య గుంపులో అటూ ఇటూ అందరినీ పొడుస్తున్నాడు. "ఏమైంది? ఏమంటున్నారు? మూడు లాగితే ఏం చెయ్యాలిట? తెంచాలా?"

పళ్ళేలు పట్టుకున్న మూడు వందల కుటుంబాలూ, మోకు పట్టుకున్న బొల్లప్పా, పిగిలిన లాగు పంచెతో బిగించిన ఉద్దండయ్యా ఆ చెవిటివాడి మొహంలో మొహం పెట్టి ఒక్క గొంతుతో అరిచారు:

"లాగాలి!"

"ఆఁ! అలా చెప్పండి!" అని తప్పెటయ్య కూడా మోకు అందుకున్నాడు. "నేను పొద్దున్నే చెప్పలా, వచ్చింది పాటగాళ్ళేనని!"

ఎవరూ కాదనలేదు. ఎక్కడో వెనక నుంచి ఒక ముసలామె సన్నగా అందుకుంది, ఇప్పుడే విన్న పాట, వచ్చీరాని మాటలతో: ఇంటికి లాగరా...

మోకు ఒక్కసారి బిగిసి వదులైంది. నేల తగిలింది.

పళ్ళేలు వణకలేదు. నీడలు పొడుగయ్యాయి. పాయసం చల్లారింది.

మోకు కదిలింది. ఒకటి.

రెండు.

మూడోదాని కోసం తొలకరిపేట అంతా ఊపిరి బిగబట్టి, అరచేతులు ఉమ్మితో తడి చేసుకుని, వంగి నిలబడింది.